క్లోవిస్ పేరు మీద

చనిపోయాక క్లోవిస్ లరోండ్‌కి నలభై ఆరు సూదులు పడ్డాయి.

ఈ సంగతి డాక్టర్ హెర్మినా లరోండ్‌కి తెలిసి నాలుగు రోజులైంది. క్లోవిస్ ఆమె అన్న. డేవిడ్ తుఫాను వచ్చి వెళ్ళిన మరుసటి ఏడు, పంతొమ్మిది వందల ఎనభై ఫిబ్రవరి తొమ్మిది, శనివారం పొద్దున, అమ్మ కోకో టీ కలుపుతుండగా పోయాడు. పన్నెండేళ్ళు. మోర్న్ సిత్రాన్ ఊరి క్లినిక్ రిజిస్టరులో మాత్రం వాడు మార్చి మొదటి గురువారం వచ్చి సూది వేయించుకున్నాడు. ఏప్రిల్‌లో వచ్చాడు. మేలో వచ్చాడు. ఎనభై మూడు డిసెంబరు దాకా ఒక్క నెల మానలేదు.

పోయిన వారం మనం హెర్మినాని వదిలింది ఆ రిజిస్టరు ముందే.

నలభై ఏళ్ళ కిందట విదేశం నుంచి ఒక వైద్య బృందం డొమినికా దీవికి వచ్చి, ఆ కొండవైపు ఊళ్ళలో కీళ్ళ జ్వరం వచ్చిన పిల్లల్ని ఎనభై ఆరుగురిని ఏరింది. గొంతు నొప్పితో మొదలై, మోకాళ్ళు మణికట్లు వాచి, చివరికి గుండె కవాటాలని పట్టుకునే జబ్బు అది. నెలకో పెన్సిలిన్ సూది తప్పకుండా వేస్తే గుండె దక్కుతుందా అన్నది వాళ్ళ ప్రశ్న. ఆ పిల్లలకి ఇప్పుడు యాభై ఏళ్ళు. హెర్మినా నడిపే నలుగురి పరిశోధన విభాగం, ఆ పాత బృందం వారసులు కలిసి, బతికున్నవాళ్ళందరి గుండెలూ స్కాన్ తీశారు. కాగితాల ప్రకారం ఒక్క సూదీ తప్పనివాళ్ళలోనే ముప్పై ఒక్కరికి కవాటాలు పాడయ్యాయి. అంటే సూది కాపాడలేదు. సోమవారంలోగా హెర్మినా సంతకం పెడితే ఆ మాట అచ్చవుతుంది. అచ్చయ్యాక, ఈ దీవిలో నెలనెలా సూది వేయించుకుంటున్న రెండు వందల పదకొండు మంది పిల్లలకి ఆ సూది ఆగిపోతుంది. ఆరోగ్య శాఖలో ఆ ఆర్డరు కాగితం అప్పుడే తయారై ఉంది.

సంతకం పెట్టబోతుండగా పాత రిజిస్టరు దొరికింది, పోయినేడు మరియా తుఫానుకి సగం కూలిన క్లినిక్ అటక మీద, రేకు పెట్టెలో. విదేశం వెళ్ళిన కాగితాల్లో నంబర్లే తప్ప పేర్లు ఉండేవి కావు. ముప్పై ఏడో నంబరు ఎవరో హెర్మినా మొదటిసారి చూసింది. ఆ పుటలో చేతిరాత ఎవరిదో కూడా. చిన్నప్పుడు పలక మీద తన వేళ్ళు పట్టుకుని దిద్దించిన చేతే అది.

*

నవంబరు ఒకటో తేదీ, గురువారం. పునీతుల పండుగ. మోర్న్ సిత్రాన్ మలుపు తిరగగానే శ్మశానం కనిపించింది. ఊరంతా అక్కడే ఉంది. సమాధుల చుట్టూ గడ్డి కోస్తున్నారు, సున్నం వేస్తున్నారు, సాయంత్రం వెలిగించడానికి కొవ్వొత్తులు వరసగా గుచ్చుతున్నారు. హెర్మినా కారు ఆపకుండానే తల్లిని చూసింది. ఎనభై ఒక్కేళ్ళ అనెస్టా గడ్డి టోపీ పెట్టుకుని, క్లోవిస్ సమాధి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. కారు శబ్దానికి తల ఎత్తలేదు. హెర్మినా పైకి వెళ్ళిపోయింది.

ఆ చేతిరాత నర్సు ఫిలొమీన్‌ది. ఆవిడ ఇల్లు క్లినిక్‌కి పైన, వంద మెట్లెక్కితే వస్తుంది. ఇంటి కప్పు సగానికి ఇంకా నీలం టార్పాలినే. ఆవిడకి ఎనభై ఆరేళ్ళు. చక్కెర జబ్బు ఎడమ కాలు మోకాలి దాకా తీసుకుంది, తర్వాత చూపు తీసుకుంది. వరండాలో పడక కుర్చీలో కూర్చుని, ఒళ్ళో బేసిను పెట్టుకుని, తడుముకుంటూ పచ్చి అరటికాయలు చెక్కు తీస్తోంది.

"ఎవరది? లరోండ్ వాళ్ళ నడక. మెట్లెక్కుతూ సణిగేది వాళ్ళే."

"నేనే, నెన్నెన్. హెర్మినా."

జ్ఞానస్నానం నాడు బిడ్డని ఎత్తుకున్నావిడని ఇక్కడ నెన్నెన్ అనే పిలుస్తారు.

"డాక్టరమ్మ. పనిరోజు పూట ఆఫీసు ఎగ్గొట్టి వచ్చిందంటే రెండో కాలు కూడా కావాలన్నమాట." నవ్వింది ముసలావిడ. "జోస్లిన్, దీనికి జామరసం పొయ్యి. నువ్వు శ్మశానానికి పో ఇంక. నన్ను చూసుకోవడానికి ఇదొచ్చిందిగా."

మేనకోడలు జోస్లిన్ గ్లాసు తెచ్చి ఇచ్చి, చీపురు, బకెట్టు తీసుకుని మెట్లు దిగింది. హెర్మినా గ్లాసు ముట్టుకోలేదు. సంచిలోంచి రిజిస్టరు తీసి మోకాళ్ళ మీద పెట్టుకుంది. తడిసి ఆరిన కాగితం బరువుగా కరకరమంది.

ఫిలొమీన్ చేతిలో కత్తి ఆగింది.

"ఏంటది?"

"నీకొక పుస్తకం చదివి వినిపిస్తాను."

"బైబిలు చప్పుడు కాదే అది."

"ఒకటి" అని చదివింది హెర్మినా. "ఆల్బెర్టా ప్రోస్పర్."

ముసలావిడ ముఖం ఎక్కడో దూరంగా చూస్తున్నట్టు మారింది.

"ఆల్బెర్టా. మోకాళ్ళు గుమ్మడికాయల్లా వాచేవి దానికి. సూదికి ఏడ్చేది కాదు, నా భుజం కొరికేది. ఎక్కడుందిప్పుడు?"

"పక్క దీవి గ్వాడెలూప్‌లో. పోయినేడు కవాటం మార్చారు."

"ఊఁ."

"తొమ్మిది. సిల్వెస్టర్ రోయర్."

"వాళ్ళమ్మ వచ్చినప్పుడల్లా రెండు గుడ్లు తెచ్చేది. వద్దంటే మొహం చిన్నబుచ్చుకునేది. వాడు పోయాడులే. ముప్పై నాలుగో ఏట. పెట్టె దింపేటప్పుడు పాడింది నేనే."

"ఇరవై రెండు..."

"ఎందుకమ్మా ఈ వరస?" ఫిలొమీన్ కత్తి బేసినులో పెట్టేసింది. "ముప్పై ఏడు దగ్గరికి రా. అక్కడికి రావడానికేగా ఇంత దూరం వచ్చావు."

హెర్మినా పుట తిప్పింది. పేరు చదవలేకపోయింది. తేదీలు చదివింది. "మార్చి ఆరు, పంతొమ్మిది వందల ఎనభై. పెన్సిలిన్ సూది ఇవ్వడమైనది. ఏప్రిల్ మూడు. ఇవ్వడమైనది. మే ఒకటి. ఇవ్వడమైనది. నర్సు ఫిలొమీన్ బ్రూనీ సంతకం. ఇవి వాస్తవమేనా?"

"భాష మార్చావు" అంది ఫిలొమీన్ మెల్లగా. "ఇప్పటిదాకా మన క్రెయోల్‌లో మాట్లాడావు. ఇప్పుడు ఇంగ్లీషు వచ్చింది, జడ్జీ ముందు మాట్లాడినట్టు."

"అడుగుతున్నది ఆఫీసు, నెన్నెన్."

"అయితే ఆఫీసునే వినమను. సంతకం నాదే. సూది వెయ్యలేదు. ఆ పిల్లాడు మట్టిలో ఉన్నాడు, ఎక్కడ వేస్తాను?"

కింద శ్మశానంలోంచి ఎవరో పిల్లల్ని కేకలేయడం వినిపించింది. హెర్మినా ఆ పక్క పుట కూడా తిప్పి చూసింది.

"ఒక్క క్లోవిస్‌వేనా అబద్ధాలు?"

"కాదు. తుఫాను దగ్గర్నుంచి మరుసటేడు జూన్ దాకా ఆ పుటల్లో ఉన్నవన్నీ అబద్ధాలే. ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ తర్వాత చెబుతాను. ముందు మిగతాది విను. ఇంకెవరూ అడగలేదు, ముప్పై ఎనిమిదేళ్ళు కాచుకుని కూర్చున్నాను."

ఆమె చెప్పింది. గబగబా చెప్పలేదు. మధ్యలో ఆగి పెదవులు తడుపుకుంటూ, ఎన్నోసార్లు లోపల చెప్పుకున్న మాటల్లా ఒక్కొక్కటీ బయటికి పెట్టింది.

డేవిడ్ తుఫాను క్లినిక్ కప్పు ఎగరేసింది. తర్వాత వాగు పొంగి మందుల గది మీదుగా పోయింది. బురదలోంచి పనికొచ్చే పెన్సిలిన్ సీసాలు ఇరవై రెండు తీశారు. పిల్లలు ఎనభై ఆరుగురు. ఆ మొదటి వారాల్లో ఇనుప రేకులు కోసుకుని వచ్చినవాళ్ళు, కాళ్ళు కుళ్ళినవాళ్ళు, బాలింతలు, అందరూ క్లినిక్ ఉండాల్సిన చోట టెంటు కింద పడుకున్నారు. కీళ్ళ జ్వరం పిల్లలకని దాచిన సీసాలు రెండు వారాల్లో వాళ్ళకి అయిపోయాయి.

"తప్పా అది?" అని అడిగింది ఫిలొమీన్.

హెర్మినా రిజిస్టరు అట్ట మీద ఎండిన బురదని గోటితో గీకింది.

"సరే. అక్టోబరు గురువారం పిల్లలు వచ్చారు. బళ్ళు లేవు, ఇళ్ళు లేవు, గురువారం మాత్రం గుర్తుంది వాళ్ళకి. వరసలో నిలబడ్డారు. మందు లేదమ్మా, ఇంటికి పొండి అన్నాను. పట్టిక ముందేసుకుని కూర్చున్నాను. ఆ దొరలు ఒక నియమం పెట్టి వెళ్ళారు. రెండు నెలలు వరసగా సూది పడని పిల్ల పేరు కొట్టెయ్యాలి. పేర్లు అరవైకి తగ్గితే మొత్తం మూసేసి, మందు ఇంకో దీవికి పంపుతారు. ఆ నియమం గోడకి అంటించి ఉండేది. గోడ పోయింది. నియమం పోలేదు."

"ఉత్తరం రాయొచ్చుగా."

"రాశాను. రేవు విరిగింది, టపా ఎప్పుడు పోయిందో తెలీదు. డిసెంబరులో జవాబు వచ్చింది. మందు పంపే ఏర్పాట్లు చేస్తున్నాం, ఈలోగా పట్టికలో ఖాళీలు వదలవద్దు అని. కింద ఎవరి పేరూ లేదు. ఖాళీలు వదలవద్దు అంటే నేనేమనుకోవాలి, నువ్వే చెప్పు. మందు లేకుండా ఖాళీ ఎలా నింపుతారు?"

"ఏదో ఒకటి రాసి."

"ఆ. రాశాను. పేరు కొట్టేస్తే ఆ బిడ్డకి మందు వచ్చే దారే ఉండదనుకున్నాను. పేరుంటే, మందు వచ్చిన రోజున వాడి సీసా వాడికుంటుంది. అందుకే రాశాను. జూలైలో పెట్టెలు దిగాయి. ఎనభై ఆరు పేర్లు, ఎనభై ఆరు సీసాలు, ఒక్కటీ తగ్గలేదు. ఆ రోజు నేనొక్కదాన్నే గెలిచాననుకున్నాను, ఈ మొత్తం దీవిలో."

పది నెలలు. హెర్మినా తలలో లెక్క తనంతట తాను కదిలింది. ఎనభై ఆరు మంది పిల్లలు, పది నెలలు, మందు లేకుండా. బురద నీళ్ళు, టెంట్లలో ఒకరి మీద ఒకరు పడుకోవడం, ఇంటింటా గొంతు నొప్పులు. ఆ ముప్పై ఒక్క గుండెలు పాడైంది అప్పుడే. సూది ఓడిపోలేదు. సూది వెయ్యలేదు. నాలుగు రోజులుగా గుండెల మీద కూర్చున్న బరువు కాస్త జరిగింది. సోమవారం సంతకం పెట్టక్కర్లేదు. ఈ మాట రాసి పంపితే చాలు, ఆ పిల్లల సూదులు ఆగవు.

ఆమెలో డాక్టరు ఊపిరి తీసుకుంది. చెల్లెలు తీసుకోలేకపోయింది.

"క్లోవిస్ ఫిబ్రవరిలో పోయాడు" అంది. ఈసారి మళ్ళీ క్రెయోల్‌లోనే. "జూలైలో మందు వచ్చింది. అందరికీ నిజంగా వేశావు. మరి వాడి సీసా? జూలై నుంచి మూడున్నరేళ్ళు వాడి పేరు మీద నెలకొకటి వచ్చింది. అవన్నీ ఎవరికి పోయాయి?"

ఫిలొమీన్ తల ఆమె వైపు తిప్పింది. చూపు లేని కళ్ళు సరిగ్గా ఆమె ముఖం మీద నిలిచాయి.

"నీకు కీళ్ళ జ్వరం ఎప్పుడొచ్చింది?"

"మేలో. వాడు పోయిన మూడు నెలలకి."

"సూదులు ఎక్కడ వేయించుకున్నావు?"

"నీ దగ్గరే. గురువారాలు."

"ఏ గుమ్మంలోంచి వచ్చేదానివి?"

వెనక గుమ్మం. అందరు పిల్లలూ కుంటుకుంటూ ఇళ్ళకి వెళ్ళిపోయాక. అమ్మ చెయ్యి నోటి మీద గట్టిగా నొక్కి పట్టుకునేది, అరుపు బయటికి వినబడకుండా. తను నర్సమ్మ ధర్మబిడ్డ కాబట్టి అందరికంటే విడిగా చూస్తున్నారని, పదేళ్ళ హెర్మినా కొంచెం గర్వపడేది కూడా. రిజిస్టరు దొరికినప్పటి నుంచి ఆమె తన పేరు కోసం కూడా వెతికింది. లేదు. ఇంకో పుస్తకంలో ఉంటుందిలే అనుకుంది.

"కొత్త పేర్లు చేర్చుకోరు" అంది ఫిలొమీన్. "ఎనభై ఆరు దగ్గర తలుపు మూసేశారు. నీకు మోకాళ్ళు వాచినప్పుడు నేనేం చెయ్యలేనన్నాను. మీ అమ్మ వెళ్ళిపోయింది. మళ్ళీ వారం వచ్చింది. లోపలికి రాలేదు, అదిగో ఆ మెట్టు మీదే నిలబడింది. 'వాడి పేరు ఇంకా ఉందా నీ పుస్తకంలో?' అంది. ఉందన్నాను. కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదని చెప్పాను. 'అయితే ఉంచు. మందు వచ్చాక వాడిది దీనికి వెయ్యి' అంది. అంతే. అప్పట్నుంచీ మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు. ప్రతి ఆదివారం గుడిలో పక్కపక్కనే కూర్చున్నాం."

కిందటి నెల కొత్త స్కాన్ యంత్రం సరిచూడటానికి హెర్మినా తన గుండెనే తీసి చూసుకుంది. నాలుగు కవాటాలూ శుభ్రంగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. పక్కనున్న కుర్ర డాక్టరు మెచ్చుకుంది కూడా. నలభై రెండు నెలలు క్లోవిస్ పేరు పిలిచి, ఆ మందు తన ఒంట్లోకి ఎక్కించారు. వాడు లేని ఇంట్లో, వాడి మంచం మీద, వాడి సూది నొప్పితో పక్కకి తిరిగి పడుకుంది తను. ఆమెకి ఎందుకో చలేసింది. ఎండ వరండా నిండా ఉంది.

"అమ్మ నాకు చెప్పి ఉండాల్సింది."

"ఏమని చెబుతుంది? పోయిన కొడుకు పేరు తీసి కూతురికి తొడిగానని చెబుతుందా?"

హెర్మినా కళ్ళు తుడుచుకుని సంచిలోంచి తెల్ల కాగితాలు తీసింది.

"నువ్వు చెప్పిందంతా రాస్తాను. నువ్వు సంతకం పెట్టాలి. సోమవారంలోగా పంపాలి. నీ పేరు బయటికి వస్తుంది, నెన్నెన్. పేపర్లో రాస్తారు. మీ వాళ్ళని అడుగుతారు."

"రానీ. ఈ వయసులో నన్ను తీసుకెళ్ళి ఏం జైల్లో పెడతారు, మెట్లు దింపడానికే నలుగురు కావాలి." నవ్వలేదు ఈసారి. "అంతా రాస్తావా?"

"అంతా."

"ఒక్కటి తప్ప అన్నీ అబద్ధాలన్నాను కదా. ఆ ఒక్కటీ కూడా?"

హెర్మినా కలం ఆగింది.

"ఫిబ్రవరి ఏడు చూడు" అంది ఫిలొమీన్. "ముప్పై ఏడు."

చూడక్కర్లేదు. వాడి వరసలోని తేదీలన్నీ ఆమెకి నోటికి వచ్చేశాయి. ఫిబ్రవరి ఏడు, గురువారం. పెన్సిలిన్ సూది ఇవ్వడమైనది. వాడు పోయింది శనివారం.

"జనవరి ఆఖర్న సైనికులు వచ్చి క్లినిక్ నేల తవ్వి బురద ఎత్తారు" అని చెప్పసాగింది ముసలావిడ. మొదటిసారి ఆమె గొంతు ముసలిదైంది. "ఒక సీసా దొరికింది. మూత గట్టిగానే ఉంది. లోపల పొడి తెల్లగానే ఉన్నట్టు కనబడింది. అయిదు నెలలు బురదలో ఉంది. పైన సబ్బుతో కడిగాను, స్పిరిటుతో తుడిచాను. ఒక్క సీసా, తల్లీ. ఎనభై ఆరుగురిలో ఎవరికని? క్లోవిస్ అప్పటికే మెట్లెక్కలేకపోతున్నాడు. పెదాలు నీలంగా ఉండేవి. వాడి గుండెకే అందరికంటే ఎక్కువ తొందర ఉందనుకున్నాను. మీ అమ్మకి కబురు పంపాను, గురువారం తీసుకురా, వాడొక్కడికే ఉంది, ఎవరికీ చెప్పకు అని."

"వేశావు."

"వేశాను. శనివారం పొద్దున మీ వీధిలోంచి ఏడుపు వినిపించింది."

హెర్మినా లేచి నిలబడింది. రిజిస్టరు ఒళ్ళోంచి జారి నేల మీద పడింది, తీయలేదు.

"నువ్వు డాక్టరువి" అంది ఫిలొమీన్. "నేను ఉట్టి నర్సుని. నాకెవరూ చెప్పలేదు. చచ్చేలోగా నువ్వైనా చెప్పు. వాణ్ణి తీసుకుపోయింది ఆ గుండేనా? నా సీసానా?"

తెలియదు. రెండూ కావచ్చు. అంత చెడిపోయిన గుండె ఏ పొద్దునైనా ఆగిపోవచ్చు. బురద నీరు ఒక్క చుక్క మూతలోంచి లోపలికి దిగినా, రెండు రోజుల్లో నెత్తురు విషమై పోవచ్చు. హెర్మినా బుర్ర ఇంకా ముందుకి కూడా పరిగెత్తింది. ఇది రాస్తే ఏమవుతుందో ఆమెకి కళ్ళకి కట్టినట్టు కనబడింది. పది నెలలు మందు లేదన్న మాట ఎవరికీ గుర్తుండదు. మోర్న్ సిత్రాన్‌లో సూది వేశారు, రెండు రోజులకి పిల్లాడు చచ్చాడు. రేడియోలో అదే వినిపిస్తుంది, బస్సుల్లో అదే చెప్పుకుంటారు. వచ్చే గురువారం రెండు వందల పదకొండు మంది తల్లుల్లో ఎంతమంది పిల్లల్ని తీసుకొస్తారు? రాయకపోతే ఆమె కూడా పట్టికలో ఖాళీ నింపినట్టే.

"శుక్రవారం వాడికి ఎలా ఉంది?" అని అడిగింది. "జ్వరం వచ్చిందా? చలితో వణికాడా? సూది వేసిన చోట ఎర్రగా వాచిందా? అది తెలిస్తే చెప్పగలను. చెడిపోయిన మందైతే శుక్రవారమే తెలిసిపోతుంది."

"నాకు తెలీదు. ఆ రోజు కింద ఊళ్ళో కాన్పు ఉంటే వెళ్ళాను. తర్వాత మీ అమ్మని అడిగే ధైర్యం చాల్లేదు. ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా."

"నన్నడుగు."

ఆ మాట మెట్ల వైపు నుంచి వచ్చింది.

అనెస్టా పైనుంచి మూడో మెట్టు మీద నిలబడి ఉంది. గడ్డి టోపీ చేతిలో ఉంది. ఎక్కి రొప్పడం అయిపోయింది, అంటే వచ్చి కాసేపైంది. ఆమె కూతురి వైపు చూడలేదు. పడక కుర్చీలోని మనిషినే చూస్తోంది.

"అనెస్టా" అంది ఫిలొమీన్. లేవబోయినట్టు కుర్చీ చేతులు పట్టుకుంది, లేవలేకపోయింది.

"బురదలోంచి తీసిన సీసా అని నాకు చెప్పలేదు నువ్వు."

"చెప్పలేదు."

"ఆ గురువారం వాడు రానన్నాడు. నాకు నడవాలని లేదమ్మా అన్నాడు. చెవి పట్టుకుని లాక్కొచ్చాను. దారంతా తిట్టాను, నీ ఒక్కడికే దొరికిందిరా, దేవుడిచ్చాడురా, ఏడవకు అని." ఆమె గొంతులో కోపం లేదు. అందుకే వినడం కష్టంగా ఉంది. "సీసా సంగతి చెప్పి ఉంటే కూడా తెచ్చేదాన్నేమో. అది నాకు తెలీదు. కానీ అడిగి ఉండాల్సింది నువ్వు."

"అమ్మా" అంది హెర్మినా. దగ్గరికి వెళ్ళి తల్లి మోచెయ్యి పట్టుకుంది. ఎంత సన్నగా ఉందో ఆ చెయ్యి. "అమ్మా, కూర్చో. ఒక్కటి చెప్పు నాకు. శుక్రవారం రాత్రి వాడికి జ్వరం ఉందా? వణికాడా?"

అనెస్టా అప్పుడు కూతురి వైపు తిరిగింది. చాలాసేపు చూసింది, ఆ ముఖంలో ఎవర్నో వెతుకుతున్నట్టు.

"ఆ శుక్రవారం నేను ఇంట్లో లేను. సహాయం ఓడ వచ్చిందంటే పిండి కోసం రేవు దగ్గర వరసలో ఉన్నాను, తెల్లవార్లూ. వాడి పక్కన పడుకుంది నువ్వే, హెర్మినా. ఇద్దరూ ఒకే దుప్పటిలో ఉన్నారు. తెల్లారి నేను గుమ్మంలో అడుగు పెట్టగానే ఎదురొచ్చి నాకొక మాట చెప్పావు."

హెర్మినాకి ఏమీ గుర్తు రాలేదు. దుప్పటి గుర్తు లేదు. ఆ శుక్రవారమే గుర్తు లేదు.

"ఏం చెప్పాను?"

"నీకు నిజంగా గుర్తు లేదా" అంది తల్లి, "లేక ఇన్నాళ్ళూ నా దగ్గర కూడా దాస్తున్నావా?"